కాసులపేరూ, థేలర్ల హారమూ

సీబ్ బజారులో మనవాళ్ళు బంగారం కొట్లు దాటి పక్కకు చూడరు. ఒమన్ పాత వెండి నగ కనబడితే "మోటు పని" అనేస్తారు. ఆ తీర్పు తొందరపాటు.

ఇక్కడి కంసాలికి ముఖ్యమైన ముడిసరుకు మేరియా థెరీసా థేలరు. ఎప్పుడు అచ్చువేసినా 1780 అనే ఉండే ఈ ఆస్ట్రియా నాణెం 28 గ్రాముల బరువు. 1970లో సయీదీ రియాలు వచ్చేదాకా చెలామణీలో ఉంది. దాన్ని కరిగించి హిర్జ్ చేశారు. కరిగించకుండా హారాలకూ గుచ్చారు. హిర్జ్ అంటే మన తాయెత్తు లాంటిదే, లోపల ఖురాను వాక్యాలు. అమెరికాలో నవాహో కంసాలులూ 19వ శతాబ్దంలో డాలర్లను, పెసోలను ఇలాగే కరిగించారు.

కరీంనగర్ వెండితీగ పనిలోని నాజూకు ఇందులో లేదు, నిజమే. కాని హిర్జ్ మీది గుళ్ళ వరస, పలుచని బంగారు రేకు తాపడం చూడండి. చేతిపని గనుక ఏ రెండూ ఒకటి కావు.

మా నాయనమ్మ కాసులపేరును నేనే కరిగించి గాజులు చేయించాను. కంసాలి తూకం వేశాడు, తరుగు తీశాడు. పాత పనితనానికి వెల కట్టలేదు, నేనూ అడగలేదు. ఆ గాజులు ఇప్పుడు ఎవరివైనా కావచ్చు.

సెలవులకు వెళ్ళినప్పుడు బీరువా తెరిచి చూడండి. కరిగించే ముందు ఒక్కసారి మెడలో వేసుకోండి.