ఆశమ్మ చదువు

కోడలిగా ఊరికొచ్చి, బడి మానేసిన ఏళ్లకు మళ్లీ నోటుపుస్తకం పట్టడం చిన్న సంగతి కాదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఆశా ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ అలాంటి ఆడవాళ్లనే శిక్షణలో కూర్చోబెట్టింది. సుమారు 1000 మంది జనాభాకు ఒకరు. ఆ ఊళ్లో ఉండేవారే కావాలి.

ఈ చదువు చేతుల్లోకి దిగాలి. పసిబిడ్డను తూచడం, చంకలో థర్మామీటర్ పెట్టి జ్వరాన్నే కాదు, ఒళ్లు చల్లబడటాన్నీ పసిగట్టడం, నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టడం. చంటిపిల్లల శ్వాస ఒక్క తీరున ఉండదు కాబట్టి, అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే కుదరదు. రెండు నెలల్లోపు బిడ్డకు ఆ లెక్క 60కి చేరిందంటే, మరోసారి లెక్కించి చూసి ఆస్పత్రికి పంపాల్సిందే.

ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బాలింత ఇంటికి వెళ్లాలి. అసలు పరీక్ష అక్కడే. "అప్పుడే స్నానం వద్దు అత్తా, బిడ్డ ఒళ్లు చల్లబడుద్ది" అని పెద్దావిడ మనసు నొచ్చుకోకుండా చెప్పగలగాలి. ఏం చెప్పాలో శిక్షణ నేర్పుతుంది. వరస కలిపి ఎలా చెప్పాలో ఆమెకు ముందే తెలుసు. ఈ రెండూ కలిస్తేనే ఆశమ్మ.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారంతో గౌరవించింది. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం వాళ్లు స్వచ్ఛంద కార్యకర్తలే. ఇంత పనితనానికి శాలువాతో పాటు జీతమూ దక్కాలి.