కంప్యూటరు శాస్త్ర బోధనము: ఒక పాఠ్యగ్రంథ విమర్శ

కెర్నిహాన్, రిచీ యను నిరువురు రచించిన "ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్" అను గ్రంథము 1978లో వెలువడి, 1988లో సంస్కరింపబడి, నేటికిని మన కళాశాలలలో చదువబడుచున్నది. సీ భాషను నిర్మించిన రిచీయే కర్తలలో నొకడగుటచే దీనికి ప్రామాణ్యము కలిగినది. మేము సంస్కృతాంగ్లములు నేర్చిన బడిపంతులము. ఈ శాస్త్రమున మాకు పాండిత్యము లేదు. అయినను మాయొద్ద చదివి పట్టపరీక్షలకు పోయిన శిష్యులు కొందఱు సెలవులలో మదనపల్లె, పుంగనూరు, కుప్పములనుండి వచ్చి యీ గ్రంథమును మా ముందుంచగా, వారితో గూడి చదివితిమి. మాకు తోచినది చదువరులకు మనవి చేయుచున్నాము.

గ్రంథకర్తలు మొదటి యధ్యాయముననే విద్యార్థిచేత ప్రోగ్రాములు వ్రాయింతురు. ఫారన్‌హీటు ఉష్ణమానమును సెల్సియసునకు మార్చు పట్టిక యొకటి యందు గలదు. 32 తీసివేసి, 5చే గుణించి, పిదప 9చే భాగింపవలెను. ముందుగానే 5ను 9చే భాగించినచో, పూర్ణసంఖ్యల భాగహారమున భిన్నభాగము పోవును గనుక లబ్ధము సున్న. పట్టిక యంతయు సున్నలే. ఈ కారణమును గ్రంథకర్తలు విప్పి చెప్పిరి. గ్రంథమునకు గల మేలిగుణ మిదియే.

"ముందు గుణింపనేల?" యని యొక శిష్యు నడిగితిమి.

"అట్లే రాయమన్నారు సార్. పరీక్షకు బట్టీ పట్టినాము" అనెను.

తప్పుగా వ్రాసి చూడుమంటిమి. సున్నల వరుస కనబడగానే వానికి కారణము తోచెను. పిదప, మదనపల్లె మార్కెట్టులో మూడు పెట్టెల టమాటాలు 500 రూపాయలకు పోయినచో సగటు ధర యెంతయని యడుగగా, రైతుబిడ్డ యగు నొక బాలిక "ఇట్ల రాస్తే 166 వచ్చి, పైసలు పోతాయి సార్" అనెను. ఆమెకు విద్య వచ్చినది.

ఈ గ్రంథమున లోపము లేకపోలేదు. మాటలు మిక్కిలి పొదుపు. ఇది కేవలము ప్రారంభకుల కుద్దేశింపబడలేదని పీఠికయే తెలుపుచున్నది. ఆ వెలితిని పూరింపవలసినవాడు ఉపన్యాసకుడు. తరగతి పెద్దది, పాఠ్యభాగము దీర్ఘము, పరీక్ష సమీపము. అతని కష్టము మే మెఱుగుదుము. కాని సూత్రములు వల్లించినంతమాత్రమున వ్యాకరణము రాదు. రూపసిద్ధి చేసిననే వచ్చును. ప్రోగ్రామును నంతియే.

మదనపల్లెలో 1915లోనే బెసెంట్ థియొసాఫికల్ కళాశాల వెలసెను. తమిళ కన్నడ సీమలు చేరువైన కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయ మేర్పడెను. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగు మొదలగు దేశభాషలలో ఇంజనీరింగు బోధన కనుమతించెను. విద్యాలయములు గలవు, అనుమతి గలదు. ఉపన్యాసకుడు శిష్యుని తప్పు చేయనిచ్చి, కారణమును తెలుగున తెలిపి, వానిచేతనే దిద్దించు గంట యొక్కటి కావలెను. ఇంటికి వచ్చిన బిడ్డను తల్లిదండ్రులు మార్కు లెన్నియని యడుగుటకు ముందు, "ఇది యెందు కట్లు?" అని యడుగుదురు గాక.