పీఠికలలోని కృతజ్ఞత

క్రొత్త గ్రంథము చేతికి వచ్చినప్పుడు విమర్శకుడు పీఠికను శ్రద్ధగా చదువును. పీఠిక చివర నుండు కృతజ్ఞతావాక్యములను మాత్రము దాటిపోవును. అవి మర్యాదకై వ్రాసినవనియు, రచనాగుణముతో వానికి సంబంధము లేదనియు మన యభిప్రాయము. కృతజ్ఞత చెప్పుటవలన కావ్యము మంచిదగునని నేనును అనను. కాని ఆ నాలుగు పంక్తులు రచన యెట్లు సాగినదో, ఎవరి శ్రమపై నిలిచినదో తెలుపు సాక్ష్యములు. సాక్ష్యము సరిగా నున్నదో లేదో పరీక్షించుట విమర్శకుని పనియే.

మన ప్రాచీన కావ్యములలో ఋణము చెప్పుకొను స్థానము అవతారిక. అందు ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిభర్త వంశవర్ణనము వచ్చును. కవి తనవారిని గూడ పేర్కొనును. పోతన తండ్రి కేసనను, తల్లి లక్కమాంబను, అన్న తిప్పనను చెప్పెను. అయితే ఇట్టి చోట్ల చెప్పబడునది తఱచుగా వంశమే గాని సాయము కాదు. కవి తాటియాకులపై గంటము నడపుచున్న కాలమున ఇంటి బరువును ఎవరు మోసిరో అవతారికలు చెప్పుట అరుదు. కృతజ్ఞత దేవునివైపును రాజువైపును చూచినది, ప్రక్కనున్నవారివైపు తిరుగలేదు.

ఆశ్చర్య మేమనగా, ఈ సంప్రదాయమునకు దారి వేసిన ఆదికవి ప్రక్కనున్నవానిని మఱచిపోలేదు. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై భారతమును తెనిగింప బూనుకొన్న నన్నయ, తనకు తోడ్పడిన నారాయణభట్టును పేరు పెట్టి చెప్పెను. భారతయుద్ధమున అర్జునునికి కృష్ణు డెట్లో, ఈ రచనలో తనకు ఆత డట్లని పోల్చెను. ఇది వట్టి పొగడ్త కాదు. కృష్ణుడు ఆయుధము పట్టలేదు, రథమును నడపెను. బాణము వేసినవాడు అర్జునుడే. రథము నిలువవలసినచోట నిలువనిదే బాణమునకు గుఱి లేదు. సాయపడినవాని పని ఏదియో, తన పని ఏదియో రెండును ఆ పోలికలో తేలినవి. నందంపూడి అగ్రహారమును నారాయణభట్టునకు రాజిచ్చెను. కావ్యములో చోటు మాత్రము కవి యిచ్చినదే.

ఆధునికులలో ఈ గుణము మరల కనబడును. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపిన దినములలో వంటవారును నీళ్లవారును ఆ యింటిని విడిచిపోయిరి. రాజ్యలక్ష్మమ్మగారు తానే వండి, గోదావరినుండి నీరు మోసి తెచ్చిరి. ఈ సంగతి మనకు తెలిసినది స్వీయచరిత్రమువలననే. అందు ఆమెను గుఱించి 'సహధర్మచారిణి' యన్న మాట యెంత చెప్పునో, నీటిబిందె అంతకు మించి చెప్పును.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి మార్గము వేఱు. 1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు గతించిరి. వేంకటశాస్త్రిగారు 1950 వఱకు జీవించి, ఆ తరువాత వ్రాసినవానికిని జంటపేరే పెట్టుచు వచ్చిరి. ఇచట కృతజ్ఞత వాక్యముగా గాక సంతకముగా మాఱినది. 1950లో గ్రంథముగా వెలువడిన మహాప్రస్థానమును శ్రీశ్రీ అంకితమిచ్చినది రాజునకు గాదు, దేవునకు గాదు. 'ఉదయిని' పత్రికను నడపి 1937లో మరణించిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావునకు. విశ్వనాథవారి 'వరలక్ష్మీ త్రిశతి' భార్యావియోగమున పుట్టినది.

ఈ మూడును మన సాహిత్యమునకు గర్వకారణములు. కాని మూడింటియందును ఒక లోటు కలదు. ముందుగా చదువవలసినవారు వానిని చదువలేదు. అది కవుల దోషము కాదు, మృత్యువు చేసినపని. అయినను బ్రతికియున్న నారాయణభట్టు తన పేరును భారతమున విని యుండవచ్చునని తలచినప్పుడు, నన్నయ చేసినపని యెంత గొప్పదో తెలియును.

ఇంతవఱకు ఇతరుల పీఠికలను తూచినవాడను; నా పీఠికను గూడ తూచుట న్యాయము. కొన్నియేండ్ల క్రిందట నేనొక కన్నడ నవలను తెనిగించితిని. ప్రతి రాత్రియు నాటి పుటలను నా భార్యకు చదివి వినిపించెడివాడను. ఒకచోట ఇల్లాలు దంచిన బియ్యమును చెఱిగి నూకలను పారబోసెనని వ్రాసితిని. ఆమె బియ్యము ఏరుచు తల యెత్తక, "నూకలు పారబోసే ఇల్లాలు ఏ దేశంలో ఉందండీ? పారబోసేది ఊక" అనెను. మూలము తీసి చూచితిని. ఆమె చెప్పినదే నిజము. ఒక్క అక్షరమునందలి భేదము, కాని ఆ బీద కుటుంబపు కథయంతయు ఆ నూకలమీదనే నడచుచున్నది. ఇట్టివి ఆ గ్రంథమున ఇరువది ముప్పది యున్నవి.

పీఠికలో నేను వ్రాసిన దేమి? 'ఓర్పుతో సహకరించిన నా భార్యకు కృతజ్ఞుడను' అని. ఆ వాక్యము అసత్యము కాదు, కాని సాక్ష్యముగా చెల్లదు. ఆమె ఓర్చుకొన్న మాట నిజమే. అంతకంటె ముఖ్యముగా ఆమె దిద్దినది. 'ఓర్పు' అన్న మాట ఆ పాండిత్యమును కప్పివేసినది. మన పీఠికలలో ఈ మాట యెచట కనబడినను దాని వెనుక మఱియొక క్రియ దాగియున్నదేమో యని నే నిప్పుడు అనుమానించుచుందును: ఎత్తి వ్రాయుట, అచ్చుప్రతులు దిద్దుట, అప్పు తెచ్చుట, బిడ్డలను ప్రక్కగదికి తీసికొనిపోవుట.

కృతజ్ఞత కొలతకు మించినచో స్తోత్ర మగును. కొలతకు తగ్గినచో ఋణమెగవేత యగును. సరియైన కొలత నన్నయ చూపినదే: పేరు చెప్పవలెను, పని చెప్పవలెను, వారు వినుచుండగా చెప్పవలెను. నా యనువాదము రెండవ ముద్రణమునకు పోవుచున్నది. అందు ఓర్పు అన్న మాటను కొట్టివేసి, నూకల సంగతి వ్రాసితిని. అచ్చునకు పంపుటకు ముందు ఆ పుటను గూడ ఆమెకు చదివి వినిపించితిని. ఆమె అందులోను ఒక మాట మార్చినది.