రెండో గొంతు

క్యూబా పాట ‘బేయింతే ఆన్యోస్’లో, అంటే ‘ఇరవై ఏళ్లు’లో, కథంటూ ఏమీ లేదు. ఒకప్పుడు తనను ప్రాణంగా చూసుకున్న మనిషితో ఓ స్త్రీ మాట్లాడుతుంది. అతనికి ఆమె మీద మనసు పోయింది. తిరిగి రమ్మని బతిమాలదు, శాపనార్థాలు పెట్టదు. కోరుకున్నవన్నీ దక్కే లోకమైతే ఆ పాత ప్రేమ ఇంకా ఉండేది కదా అని ఒక్క ఊహ మాత్రం చేస్తుంది. పాటలోని విచారమంతా ఆ ఊహలోనే ఉంది.

1935 నాటి ఈ పాటకు బాణీ కట్టింది మరియా తెరేసా వేరా (1895–1965). గిటార్ పట్టి పాడే ‘త్రోవా’ కళాకారుల్లో ఎక్కువమంది మగవాళ్లే అయిన రోజుల్లో పేరు తెచ్చుకున్న మనిషి. మాటలు ఆమె స్నేహితురాలు గియెర్మినా ఆరంబురువి. తన పేరు బయటపెట్టొద్దని ఆవిడ కోరిందట. భర్త వదిలేసిన బాధలో రాసిందనీ చెప్పుకుంటారు. అందులో నిజమెంతో గాని, మాటలు మాత్రం పేరు దాచుకున్న మనిషి రాసినట్టే ఉంటాయి. ఊరు లేదు, పేరు లేదు, తప్పెవరిదో తేల్చడం లేదు. అందుకే ఎవరు పాడితే వాళ్ల సొంత గోడు అయిపోతుంది.

నడక హబనేరా. బిజే తన ‘కార్మెన్’ ఆపెరాలో (1875) వాడుకున్నదీ ఈ నడకనే. మొదటి దెబ్బ కాస్త సాగుతుంది, దాని వెనకే ఓ చిన్న దెబ్బ తొందరగా పడుతుంది, ఆపైన రెండు సమంగా. మన సినిమా విషాద గీతాలకు అలవాటుపడిన చెవికి ఇది వింతే: ఇంత దుఃఖానికి ఈ నాట్యపు నడకేమిటి? కానీ గిటార్ ఆగదు. గాయని ఎక్కడ తడబడినా అది తన లెక్కలో తాను పోతూనే ఉంటుంది. గడిచిన కాలం వెనక్కి రాదన్న సంగతి మాటల కంటే ముందు ఆ నడకే చెప్పేస్తుంది.

అసలు పనితనం రెండో గొంతులో ఉంది. త్రోవా జంటగానంలో మొదటి గొంతు బాణీని మోస్తుంది. రెండోది దానికి ఉత్త నీడ కాదు. కింది స్థాయిలో తన దారి తాను వెతుక్కుంటూ, ఒక్కోచోట ఆలస్యంగా అందుకుంటూ, పదం చివర మళ్లీ కలుస్తుంది. వేరా పక్కన ఏళ్ల తరబడి ఆ పని చేసింది లొరెంజో ఇయెర్రెసువేలో. అదే లొరెంజో ‘లోస్ కొంపాద్రెస్’ జంటలో మొదటి గొంతయ్యాడు. అక్కడ రెండో గొంతు పాడినందుకే ఫ్రాన్సిస్కో రెపిలాదోకు ‘కొంపాయ్ సెగుందో’, అంటే ‘రెండో మిత్రుడు’, అన్న పేరు స్థిరపడింది. 1996లో హవానాలో ‘బ్వేనా విస్తా సోషల్ క్లబ్’ రికార్డింగులో ఒమారా పోర్తువోందో ఈ పాట పాడితే, తొంభైకి దగ్గరపడిన కొంపాయ్ పక్కన రెండో గొంతు కలిపాడు.

వినండి. మాటలు ఆమెవి, చెప్పేది అతనితో. అయినా ఆ ముదురు మగ గొంతు అవే మాటల్ని తనవిగా పలుకుతుంది. వదిలిపోయినవాడూ అదే విచారంలో ఉన్నాడా అనిపిస్తుంది. ఆరంబురు ఇది ఊహించి ఉండకపోవచ్చు. జంటగానపు పద్ధతే పాటకు ఈ అర్థాన్ని చేర్చింది.

ఫ్లమెంకో గాయకుడు దియేగో ఎల్ సిగాలా, పియానో వాద్యకారుడు బేబో వాల్దేస్‌తో కలిసి ‘లాగ్రిమాస్ నేగ్రాస్’ ఆల్బమ్‌లో ఇదే పాట పాడాడు. గొప్పగా పాడాడు. అక్కడ గొంతు ఒక్కటే, అందుకే అది ఫిర్యాదులా వినిపిస్తుంది. నాకు మాత్రం జంటగొంతులదే ఇష్టం.