పొద్దున్నే చూడాల్సిన బండి

పాత బండి బేరానికి వెళ్ళినవాడు ముందు చేయి పెట్టాల్సింది స్టీరింగ్ మీద కాదు, రేడియేటర్ మీద. అది వెచ్చగా తగిలిందంటే, మనిషి వస్తున్నాడని తెలిసి యజమాని అరగంట ముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. వేడెక్కిన డీజిల్ ఇంజను ఎంత ముసలిదైనా మర్యాదగానే నడుచుకుంటుంది. రాత్రంతా ఆగి ఉన్నది ఒక్క సెల్ఫుకే అందుకుందా, నాలుగుసార్లు మూలిగి లేచిందా, లేచాక సైలెన్సర్ ఏ రంగు పొగ ఎంతసేపు వదిలింది అన్నవి చూడాలంటే కాకికంటే ముందు లేవాలి. తెల్లపొగ కాసేపటికి సర్దుకుంటే ఫరవాలేదు. నీలంగా వస్తే ఆయిలు తాగుతోంది. నల్లగా వస్తే పంపు, నాజిళ్ళు చూపించాలి. "పదింటికి రా సామీ, తొందరేముంది" అని అమ్మేవాడు అన్నాడంటే అనుమానపడటంలో తప్పు లేదు.

ఈ కాలమిస్టుకు ఇంటినే చక్రాల మీద పెట్టుకుని లడఖ్ దాకా పోవాలన్న పిచ్చి పట్టి చాలా రోజులైంది. కొత్త మోటారు హోము ధర వింటే ఆ పిచ్చి దానంతటదే కుదరాలి. కుదరలేదు. దాంతో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల షెడ్లలో పాత టాటా 407లు, స్వరాజ్ మజ్దాలు, కాలం చెల్లిన స్కూలు బస్సులు, ఎవరో మోజుపడి మంచాలు బిగించి ఆనక విసుగొచ్చి అమ్మకానికి పెట్టినవి చూస్తూ తిరగడం అలవాటైంది. కొనడంకంటే చూడటంలోనే ఎక్కువ సుఖం ఉందని ఇంట్లోవాళ్ళ అభిప్రాయం.

ఇల్లూ వాహనమూ ఒకటే అయిన పాత బండి ఎంత దూరం పోగలదో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు రాష్ట్రమంతా చుట్టిరావడానికి వాడింది పాత షెవర్లే వ్యాను. 1940 నాటి మోడల్ అంటారు. నంబరు ఏబీఆర్ 7614. దానికి మార్పులు చేయించి, మైకులు బిగించి, పైకప్పునే వేదికగా మార్చి, చైతన్యరథం అని పేరుపెట్టారు. నడిపింది కొడుకు హరికృష్ణ. అందులోనే నిద్ర, దాని పక్కనే రోడ్డు వారన స్నానం, దొరికిన చోట భోజనం. నెలల తరబడి ఊళ్ళు తిరిగింది. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

ఆ వ్యాను మీద నుంచి పలికిన మాటల గురించి పుస్తకాలే ఉన్నాయి. వ్యాను కింద ఏముందో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. జనరల్ మోటార్స్ కంపెనీ బొంబాయిలో బండ్లు బిగించే ఫ్యాక్టరీని 1928లో పెట్టి, 1954లో మూసేసి వెళ్ళిపోయింది. అంటే చైతన్యరథం బయల్దేరేనాటికి షెవర్లేకు ఈ దేశంలో దిక్కూమొక్కూ లేక 28 ఏళ్ళు. కంపెనీ లేదు, షోరూము లేదు, సర్వీసు పుస్తకంలో ముద్ర వేసేవాడు లేడు. అయినా తిరిగింది. ఆ కాలపు బండికి బుష్ అరిగితే లేత్ మిషన్ ఉన్న ఏ ఊళ్ళోనైనా కొత్తది తిప్పి ఇస్తారు, కమాన్ కట్ట విరిగితే కొలిమి దగ్గరే సరిచేస్తారు. దూరాభారం పోయే బండికి ఇంతకు మించిన గుణం లేదని ఈ కాలమిస్టు నమ్మకం. మంచం మెత్తదనం, టీవీ సైజు తర్వాత సంగతి.

ఇంకో సంగతి, డ్రైవరు. బండి చప్పుడులో తేడా వస్తే అడక్కుండానే పసిగట్టేవాడు స్టీరింగ్ వెనక ఉండటం. ఆ డ్రైవరే తర్వాతి రోజుల్లో రాష్ట్ర రవాణా మంత్రి అయ్యాడు. తండ్రిని 1985, 1989, 1994ల్లో గెలిపించిన హిందూపురం 1996 ఉప ఎన్నికలో ఆయన్నూ గెలిపించింది. వ్యాను స్టీరింగ్ నుంచి రవాణా శాఖకు అంత దగ్గరి దారిలో వెళ్ళినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని వెతకవచ్చు.

జర్మనీలోనూ ఆఫ్రికాకో ఆసియాకో రోడ్డు మీదే పోదామనుకునేవాళ్ళు పాత మెర్సిడెస్ గుండ్రముక్కు లారీల కోసం గాలిస్తారు. ఫైరింజనుగా పనిచేసి రిటైరైనదైతే ఎగిరి గంతేస్తారు. వయసు ముప్పై ఏళ్ళున్నా తిరిగింది తక్కువ, బతుకంతా షెడ్డులో నీడపట్టున గడిచింది గనక. ఆ మెర్సిడెస్‌తోనే టాటావాళ్ళు 1954లో చేయి కలిపి 1969 దాకా కలిసి నడిచారు. ముక్కు లారీలు మన రోడ్ల మీదా బోలెడు తిరిగాయి. మనం వాటిని తూకానికి అమ్ముకున్నాం.

పాతదే మేలు అనేసి ఊరుకుందామంటే రూల్సు ఊరుకోవు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు మళ్ళీ రిజిస్ట్రేషన్ లేదు, ఆర్టీసీ బస్సులతో సహా. అవి వేలంలో దొరికినా తుక్కుగానే. ఇక పెనుకొండ పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే స్టీరింగ్ పెద్దగా తిప్పకుండా శ్రీనగర్ చేరవచ్చని మ్యాపు చూసి మురిసిపోయేవాళ్ళకు మధ్యలో ఢిల్లీ ఉందన్నది గుర్తుండదు. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. ఆ తర్వాత సడలింపులూ మార్పులూ వస్తూనే ఉన్నాయి. బయల్దేరే నెలలో రూలు ఏమిటో కనుక్కోకుండా బయల్దేరకూడదు.

2020 ఏప్రిల్ నుంచి దేశంలో బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. పొగ తగ్గింది, మంచిదే. ఆ బండ్లలో చిన్న సెన్సర్ అలిగితే ఇంజను బలం తగ్గించుకుని కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ తగిలించి చూసేవాడు వచ్చేదాకా అంతే సంగతులు. స్పితి లోయలో ల్యాప్‌టాపువాడు ఎప్పుడొస్తాడు? మెకానికల్ పంపు ఉన్న పాత ఇంజనుకు స్పానర్లు, డీజిల్ లైనులో గాలి తీయడం తెలిసిన ఒక చేయి చాలు. పాతదానికి కాగితాల కష్టం, కొత్తదానికి కంప్యూటర్ కష్టం. ఈ రెంటి మధ్యా ఎటూ తేల్చుకోలేకే ఈ కాలమిస్టు ఇంకా బస్సుల్లో తిరుగుతున్నాడు.

పెనుకొండ మీదుగా పోయినప్పుడల్లా ఈ ఊగిసలాట ఇంకాస్త పెరుగుతుంది. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ గోడ వెంట కొత్త కార్లు మోసే పొడవాటి ట్రెయిలర్లు వరసగా నిలబడి ఉంటాయి. 2019లో తొలి సెల్టోస్ బయటికొచ్చింది అక్కడినుంచే. ఆ డిసెంబరు 5న ఫ్యాక్టరీని లాంఛనంగా ప్రారంభించారు. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఏనుగుల మీద సర్దుకుని వచ్చింది ఈ పెనుకొండకే. అప్పటికి ఇంతకంటే పెద్ద క్యారవాన్ ఉండి ఉండదు!

సెకండ్‌హ్యాండ్ బేరం ఈ నేలకు కొత్తదేమీ కాదు. సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, గిట్టలు ఎత్తి చూస్తాడు. దళారి తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. బండికి పళ్ళంటే టైర్లు. టైరు పక్కన గుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని లెక్క. గుండీలు నిండుగా కనిపించినా ఏడెనిమిదేళ్ళ టైరును నమ్ముకుని కొండలెక్కకూడదు. చక్రం తర్వాత ఛాసిస్ కిందికి దూరాలి. తెల్లచొక్కా వేసుకొచ్చినవాడు ఆ పని చెయ్యడని అమ్మేవాళ్ళకు బాగా తెలుసు. నిలువు రైలు మీద వెల్డింగ్ అతుకులున్నాయా, రివెట్ల స్థానంలో బోల్టులు దిగాయా, కొత్త నల్లరంగు ఒక్కచోటే ఎందుకు మెరుస్తోంది అన్నవి అక్కడే తెలుస్తాయి.

నంబరు ప్లేటు జాతకం చెబుతుంది. హిందూపురానికి కర్ణాటక గడపలోనే ఉంది గనక కేఏ బండ్లు ఇక్కడికి తెగ వస్తాయి. కేఏ 19 అంటే మంగళూరు, 20 అంటే ఉడుపి. సముద్రపు ఉప్పుగాలి తిన్న రేకు పుట్టీ కింద దుప్పటి కప్పుకుని ఉంటుంది. అయస్కాంతం ముక్క జేబులో వేసుకెళ్ళి అక్కడక్కడా పెట్టి చూస్తే పుట్టీ ఉన్నచోట అది అంటుకోదు. మన అనంతపురం సీమ బండిది దీనికి తిరగబడ్డ కథ. వానలే తక్కువ కాబట్టి ఒళ్ళు గట్టిది. ఎర్రదుమ్ము పీల్చి పీల్చి ఊపిరే చెడి ఉంటుంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత విప్పితే పొగ బుసబుసా పైకి తంతోందంటే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. బోరు చేయించే ఖర్చు ధరలోంచి కొట్టేయాలి.

కాగితాల్లో ఎక్కువమంది మునిగేది ఒక్కచోట. ఆర్‌సీలో బస్సు అనో సరకు బండి అనో ఉంటుంది, లోపల మంచాలూ వంటగదీ ఉంటాయి. తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటను గట్టిగా అన్నది. అదే ఏడు సవరించిన చట్టం ప్రకారం ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మోటార్ క్యారవాన్ అన్నది ఆర్‌సీలో వేరే తరగతి. ఆ మాట కాగితం మీద లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమావాళ్ళు దాన్నే పట్టుకుంటారు. పక్క రాష్ట్రం బండికి ఎన్‌ఓసీ, ఫైనాన్స్ తీరినట్టు కాగితం, ఛాసిస్ నంబరు మీద పెన్సిలు రుద్ది తీసిన అచ్చు. ఇవన్నీ చేతిలోకి రాకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. ఈ కాలమిస్టు ఒకసారి ఇచ్చాడు. దాని గురించి ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోరు.

లైసెన్సు సంగతి కాస్త నయం. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండిని మామూలు ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. దానికి మించితే ఆ లైసెన్సు చాలదు.

బరువు అన్నాక హిందూపురం చింతపండు మార్కెట్ గుర్తుకు రావాలి. లారీలను తూచే వే బ్రిడ్జి మీద బండిని ఎక్కించి ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూయిస్తే ఏ బ్రోచరూ చెప్పని లెక్క చేతికొస్తుంది. మూడొందల లీటర్ల నీళ్ళంటే మూడొందల కిలోలు. బ్యాటరీలు, గ్యాస్ సిలిండరు, బియ్యం మూట, అత్తగారు దారికోసం కట్టిచ్చిన పచ్చళ్ళ జాడీలు అన్నీ ఆ పైన. నీళ్ళ ట్యాంకును వెనక చక్రాలకు ఇంకా వెనక వేలాడదీసిన బండి మడకశిర దారిలో కొండ ఎక్కేటప్పుడు ముందుభాగం తేలికైపోయి స్టీరింగ్ చేతికి దొరకదు. చేయించినవాడికి వంటగది ఎక్కడ బాగుంటుందో తెలుసు, ఇరుసు ఎక్కడుందో తెలియదు. తిరుపతికి గూడుబండి కట్టిన తాతకు ఆ సంగతి బాగా తెలుసు. మూటలు ఇరుసు మీదికి జరపకుండా ఆయన కాడి ఎత్తేవాడు కాదు.

చివరిగా చూసిన బండి ధర్మవరంలో. పద్ధతి ప్రకారం పొద్దున్నే వెళ్ళి, చల్లటి ఇంజను చూసి, కిందికి దూరి, అయస్కాంతం పెట్టి, అన్నీ ముగించాక అమ్మేవాడితో ఒక మాట అనాల్సి వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ వస్తాను, లోపల గంటసేపు పడుకుంటాను అని. ఆయన విస్తుపోయాడు. "పడుకునేదేంది సార్, నడిపి సూడు" అన్నాడు. ఇల్లు కొనేవాడు పడుకుని చూడకపోతే ఎలా? వేసవిలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటడం మామూలే. ఇంజను ఆపి, కిటికీలు తెరిచి, పై మంచం మీద వెల్లకిలా పడుకుంటే రేకుకూ లోపలి పలకకూ మధ్య దూది ఉందో, ఒట్టి గాలే ఉందో ముఖానికే తెలిసిపోయింది. పది నిమిషాలకు చొక్కా తడిసింది. ఇంకో పది నిమిషాలకు కళ్ళు చీకటికి అలవాటుపడి, పైకప్పు మూలన నాలుగు రివెట్ల చుట్టూ గోధుమరంగు నీటి మరకలు కనిపించాయి. మగ్గాల ఊరు ధర్మవరంలో ఏడాదికి నాలుగు వానలు పడితే గొప్ప. కిందికి దిగి, ఈ బండి అంతకుముందు ఏ ఊళ్ళో ఉండేదని అడిగితే, పొద్దుట్నుంచి రూపాయి తగ్గనని కూర్చున్న మనిషి ముందు ఒక గ్లాసు మజ్జిగ తెప్పించాడు.