రేకు లోతుల్లో రంగులు

రాగి రేకు మీద బొమ్మ చెక్కి రంగుల్లో అచ్చు తీయడం ఫ్రాన్సులో పాత విద్య. 18వ శతాబ్దంలో జానినే వంటివారు ఒక్కో రంగుకు ఒక్కో రేకు చెక్కి, ఒకే కాగితాన్ని వాటి మీద వరసగా నొక్కేవారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా రంగు గీత దాటిపోతుంది. ఆ తర్వాత కెథెడ్రళ్లనూ పాత వీధులనూ చెక్కినవారిలో కొందరు ఒకే రేకు మీద గుడ్డ ఉండలతో రంగులద్దేవారు. ఈ రెండు పద్ధతులనూ దాటి కొత్త దారి వేసినవారిలో మన తెలుగువారొకరున్నారు. ఆయన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యరికం చేసి, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. అందుకే రేకును ఆయన గీతలు గీసే పలకగా చూడలేదు, లోతులున్న శిల్పంగా చూశారు. ఆయన పనితనమంతా అక్కడే ఉంది. పారిస్‌లో హేటర్ 1927లో మొదలుపెట్టిన అచ్చు కార్యశాల ‘అటెలియే 17’లో, కైకో మోతీ వంటి తోటివారితో కలిసి, ఒకే రేకు నుంచి అన్ని రంగులూ ఒకేసారి అచ్చు తీసే పద్ధతికి పదును పెట్టారు.

ముందు రేకును ఉలితోనూ యాసిడ్‌తోనూ రకరకాల లోతుల్లో తొలుస్తారు. అన్నిటికన్నా లోతైన గాట్లలో సిరా నింపి పైభాగం తుడిచేస్తారు. లిన్సీడ్ నూనె ఎక్కువ కలిపిన పలచటి రంగును గట్టి రోలర్‌తో పూస్తే, అది ఎత్తుగా ఉన్న చోట్లకే అంటుతుంది. ఆపైన మెత్తటి రోలర్‌తో చిక్కటి రంగు పూస్తారు. అది పల్లాల్లోకి దిగుతుంది గానీ, నూనె రంగు ఉన్నచోట మాత్రం పట్టదు. జీడిగింజలు కొట్టేవారు సొన అంటకుండా చేతులకు నూనె రాసుకోవడం చూసిన పలాస వాళ్లకు ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. తడిపిన కాగితం వేసి ప్రెస్‌లో ఒక్కసారి తిప్పితే చాలు, అన్ని రంగులూ ఒకేసారి దిగుతాయి.

1963 నాటి ఆయన అచ్చు ‘వర్ల్‌పూల్’ (సుడిగుండం) చూడండి. వంపు తిరిగిన సన్నటి గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ చిన్న చిన్న గడులుగా మారి, అన్నీ కలిసి ఒక చుట్టు తిరుగుతాయి. ఒక్క గడిని దగ్గరగా చూస్తే, అంచున ఒక రంగు, లోపల ఇంకొకటి. ఆ మార్పుకు కారణం రేకు లోతే. నీళ్లు ఎటు లాగుతున్నాయో గీతే చెబుతుంది. బారువ, భావనపాడు తీరాల్లో అలల పోటు ఎరిగిన కళ్లకు ఈ బొమ్మ పరాయిది కాదు. 1981 నాటి ‘గ్రేట్ క్లౌన్’కే పేరెక్కువ. నా మటుకు ‘వర్ల్‌పూల్’ అంతకన్నా గొప్పది. అందులో కథ లేదు, కదలికే ఉంది.

ఈ పద్ధతిలో తర్వాత దిద్దుకోవడం తేలిక కాదు. ఏ రంగు ఎక్కడ నిలవాలో ఉలి పట్టినప్పుడే తేల్చుకోవాలి. పైగా ప్రతి ప్రతికీ రేకు తుడిచి, అన్ని రంగులూ మళ్లీ మొదటినుంచి పూయాల్సిందే. నూనె పాళ్లు కాస్త అటూ ఇటూ అయితే బొమ్మ మారిపోతుంది.

1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2018లో అక్కడే కన్నుమూశారు. చేతి విద్యను గుట్టుగా దాచుకునేవారే ఎక్కువైన లోకంలో, ఆయన 1988లో తన పద్ధతినంతా పుస్తకంగా రాసి ఎవరైనా నేర్చుకునేలా బయటపెట్టారు.