ఆంధ్రమహాసభ సంస్కరణోద్యమము – జివతి సీమ : ఒక విమర్శ

నేడు మహారాష్ట్రమున చంద్రపూరు జిల్లాకు చెందిన జివతి ప్రాంతము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునందలి ఆదిలాబాదు జిల్లాలో, రాజురా తాలూకాలో ఉండెను. కావున నిజాము పాలనలో ప్రజాస్వామిక సంస్కరణములకై తెలుగువారు సాగించిన ఆందోళన ఈ సీమ చరిత్రలోను భాగమే. ఆ ఆందోళనకు ముఖ్యసాధనమైన ఆంధ్రమహాసభ సేవను, పరిమితిని విడివిడిగా విచారింపవలెను.

సేవ సామాన్యమైనది కాదు. 1921లో హైదరాబాదున ఒక సంస్కరణ సభలో తెలుగున ప్రసంగింపబోయిన వక్తకు జరిగిన అవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. 1930లో జోగిపేటయందు సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. సభ జరుపుటకే సర్కారు అనుమతి కావలసిన దినములవి. అట్టి నిర్బంధములో వినతిపత్రమునే ఆయుధముగా గ్రహించి వెట్టిచాకిరి, విద్య, పౌరస్వేచ్ఛలను చర్చకు తెచ్చుట సాహసమే.

1939లో ప్రకటింపబడిన సంస్కరణములు ఆ సాహసమునకు పరీక్ష అయినవి. 85 మంది సభ్యుల శాసనసభలో ఎన్నికైనవారు 42 మందియే. వారి ఎన్నికయు ప్రాంతమునుబట్టి కాక వృత్తివర్గములనుబట్టి జరుగవలెను. 1940లో మల్కాపురము సభయందు వీనిని అంగీకరించుటయా, బహిష్కరించుటయా అని తీవ్రవాదము చెలరేగినది. ఆ సంవత్సరమే జివతి కొండలకు అనతిదూరమున జోడెఘాట్‌లో, అడవిపైనను భూమిపైనను గోండుల హక్కుకై పోరాడిన కొమరం భీము పోలీసుల కాల్పులలో మరణించెను. శాసనసభ స్థానములను గూర్చిన చర్చకును, అడవిలోని ఆర్తికిని మధ్య వంతెన ఏర్పడలేదు. ఇదియే ఉద్యమమునందలి ప్రధానలోపము.

దీనికి కారణము నాయకుల హృదయకాఠిన్యము కాదు, సంఘనిర్మాణమే. భాష ఆంధ్రమహాసభకు ప్రాణము, ఎల్లయు అదియే. గోండి, కొలామి, మరాఠి, తెలుగు కలసి వినబడు కొండసీమ ఏ ఒక్క భాషాసంఘపు చట్రములోను ఇముడదు.

1956 నాటి పునర్విభజనలోను ఈ చిక్కు తీరలేదు. జివతి, కెరమెరి ప్రాంతముల సరిహద్దునందలి 14 గ్రామములను రెండు రాష్ట్రములును దశాబ్దములపాటు తమవేయనినవి. అచ్చటి ప్రజల పేర్లు రెండు ఓటర్ల జాబితాలకు ఎక్కినవి. రెండు ఓట్లు హక్కుల సమృద్ధికి గుర్తు కావు. తాము ఎవరి పౌరులో తేలని స్థితికి గుర్తు.

ప్రభుత్వము ప్రజలదై ఉండవలెనని ఆంధ్రమహాసభ నేర్పినది. ఆ ప్రజలలో ఎల్లలయందున్నవారు, అన్యభాషలవారు చేరుదురా అను ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానము చెప్పలేదు. జివతి సీమలోని తెలుగువారు ఆ సంఘమునుండి స్వీకరింపదగినది దాని ధైర్యము. విడువదగినది దాని హద్దు.